సెగ్మెంటేషన్ ఫాల్ట్: పైథాన్ ఒక్క మాట కూడా చెప్పకుండా ఎందుకు చచ్చిపోతుంది?

స్క్రీన్ మీద ఉన్న రెండు మాటలు చూడండి. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్'. పైథాన్ నేర్చుకుంటున్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది.

మామూలుగా పైథాన్‌లో తప్పు చేస్తే అది మనల్ని బాగా తిడుతుంది. ఏ ఫైలు, ఎన్నో లైను, ఏం తప్పు, అన్నీ చెప్పి మరీ తిడుతుంది. దాన్నే ట్రేస్‌బ్యాక్ అంటాం. కానీ ఒక్కోసారి అదేం ఉండదు. ఈ రెండు మాటలు వస్తాయి, టెర్మినల్ మళ్లీ ఖాళీగా నిలబడుతుంది. విండోస్‌లో అయితే ఒక్కోసారి ఈ రెండు మాటలు కూడా రావు, ప్రోగ్రామ్ మాయం. ఫోన్లో అయితే 'యాప్ ఆగిపోయింది' అని ఒక డబ్బా.

అప్పుడు మనం ఏం చేస్తాం? కోడ్ మార్చి చూస్తాం. ప్రింట్లు పెడతాం. అన్‌ఇన్‌స్టాల్, రీఇన్‌స్టాల్. చివరికి ఫార్మాట్. రేపు ప్రాజెక్ట్ సబ్మిషన్ అనగా రాత్రంతా కూర్చుని సొంత కోడ్‌నే అనుమానిస్తాం. చాలాసార్లు తప్పు ఆ కోడ్‌లో ఉండనే ఉండదు. అది ఉండే చోటు వేరు. ఆ చోటు ఎలా పుట్టిందో తెలియాలంటే 1960ల దాకా వెనక్కి వెళ్లాలి. వెళ్దాం రండి.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. మనం ఎక్కువగా వాడే పైథాన్ అసలు సీ భాషలో రాసిన ఒక ప్రోగ్రామ్. మన లైన్లను చదువుతూ, నడిపిస్తూ పోతుంది. మనం దాని రూల్స్ లోపల తప్పు చేస్తే పట్టుకుంటుంది. కానీ నంపై, ఓపెన్‌సీవీ, పైటార్చ్ లాంటివి లోపల చేసే బరువు పని పైథాన్‌లో జరగదు. సీ, సీ ప్లస్ ప్లస్, ఫోర్ట్రాన్‌లో రాసి, ముందే మెషిన్ కోడ్‌గా మార్చి పెట్టిన ఫైళ్లలో జరుగుతుంది. లినక్స్, ఆండ్రాయిడ్‌లో వాటి పేరు చివర 'డాట్ ఎస్ఓ' అని ఉంటుంది. విండోస్‌లో డీఎల్ఎల్. మనం 'ఇంపోర్ట్' అని ఒక్క మాట రాస్తే ఏదో ఫైలు చదువుతోందిలే అనుకుంటాం. నిజానికి పైథాన్ బయటి నుంచి మెషిన్ కోడ్‌ని తెచ్చి తన ఇంట్లోనే, తన మెమరీలోనే కూర్చోబెట్టుకుంటోంది. ఆ తర్వాత వాళ్లిద్దరికీ మధ్య గోడ లేదు. లోపలికి వచ్చినవాడు తాకకూడని మెమరీని తాకితే, ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటి మొత్తాన్నీ కూల్చేస్తుంది. పైథాన్‌కి నోరు తెరిచే టైమ్ కూడా ఉండదు. అందుకే ట్రేస్‌బ్యాక్ రాదు.

మరి ఇంత రిస్క్ ఉన్న పద్ధతి ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?

పల్లెటూళ్లలో పెళ్లి వంటలకి పెద్ద పెద్ద గంగాళాలు కావాలి. ప్రతి ఇంటివాళ్లూ కొనుక్కోరు. ఊరికి ఉమ్మడిగా రామాలయంలోనో, ఎవరి కొట్టంలోనో ఒక సెట్ ఉంటుంది. కావలసినప్పుడు తెచ్చుకుంటారు. కంప్యూటర్ వాళ్లకీ ఇదే ఆలోచన వచ్చింది. ప్రతి ప్రోగ్రామ్ ఒకే రకమైన కోడ్‌ని తన కడుపులో మోసుకుంటూ తిరగడం ఎందుకు? ఒక్క కాపీ ఉంచి అందరూ వాడుకోవచ్చు కదా?

1965లో ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పని చేస్తున్నాయి. అందులో ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ వేరే చోట ఉన్న కోడ్‌ని పేరుతో పిలిస్తే, మొదటిసారి సిస్టమ్ ఆగి, ఆ పేరుగలవాడు ఎక్కడున్నాడో వెతికి, అడ్రస్ రాసిపెడుతుంది. రెండోసారి నుంచి నేరుగా వెళ్లిపోవచ్చు. ఈ రోజు మన ఫోన్లో జరిగేది కూడా మూలంలో ఇదే. 1969లో బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ నుంచి తప్పుకుంది. అక్కడివాళ్లు తర్వాత చేసిన యూనిక్స్‌లో మొదట్లో ఈ సదుపాయమే లేదు. ఎవరి గంగాళం వాళ్లదే.

ఇరవై ఏళ్లు అలాగే నడిచింది. 1980లలో గ్రాఫిక్స్ వచ్చాక ఇక కుదరలేదు. ఎక్స్ విండో సిస్టమ్‌లో బటన్లు, మెనూలు గీసే లైబ్రరీలు పెద్దవి. స్క్రీన్ మీద ఒక చిన్న గడియారం చూపించే ప్రోగ్రామ్ కూడా ఆ మొత్తం బరువు మోయాలి. అప్పట్లో మెమరీ ఖరీదు మామూలుది కాదు. 1988లో సన్ కంపెనీ సన్‌ఓఎస్ 4.0లో షేర్డ్ లైబ్రరీలు తెచ్చింది. మెమరీలో ఎక్కడ కూర్చోబెట్టినా పనిచేసే కోడ్, దాన్ని ప్రోగ్రామ్ మొదలయ్యాక కలిపే లింకర్. దాని వెనకే 'డీఎల్-ఓపెన్' అనే ఫంక్షన్ వచ్చింది. ప్రోగ్రామ్ మధ్యలో ఉండగా 'ఫలానా లైబ్రరీ కావాలి, తెచ్చిపెట్టు' అని అడగొచ్చు. ఏం కావాలో ముందుగా చెప్పక్కర్లేదు.

ఈ ఫంక్షన్ స్క్రిప్టింగ్ భాషలకి వరం. అంతకుముందు పైథాన్ లాంటిదానికి సీ మాడ్యూల్ ఒకటి జోడించాలంటే ఇంటర్‌ప్రెటర్‌నే మళ్లీ కంపైల్ చేసుకోవాలి. 1994లో పెర్ల్ 5 ఈ పద్ధతిని భాషలో భాగం చేసేసింది. 1996లో టీసీఎల్ 7.5లో 'లోడ్' కమాండ్ వచ్చింది. పైథాన్ కూడా అదే దారి పట్టింది. నంపై పూర్వీకుల నుంచి ఈ రోజు ఏఐ లైబ్రరీల దాకా అన్నీ ఈ తలుపులోంచే లోపలికి వచ్చాయి. ఈ తలుపు లేకపోతే పైథాన్ ఈ స్థాయికి వచ్చేది కాదని నా అభిప్రాయం.

కానీ ఆ తలుపు దగ్గర చెకింగ్ ఎంత? 'స్పామ్' అనే మాడ్యూల్ ఇంపోర్ట్ చేస్తే, పైథాన్ 2 ఆ ఫైల్లో 'ఇనిట్‌స్పామ్' అనే ఫంక్షన్ ఉందా అని చూసేది. పైథాన్ 3లో ఆ పేరు ముందు 'పైఇనిట్' అని ఉండాలి. పేరు దొరికితే పిలుస్తుంది. సీ భాషలో లింకర్ చూసేది పేర్లనే. ఆ ఫంక్షన్‌కి ఎన్ని విలువలు పంపాలి, లోపలి డేటా ఎన్ని బైట్లు, ఏ వరసలో ఉంది, ఇవేవీ దానికి తెలీవు. పేరు అదే ఉండి లోపలి సైజు మారిపోయిందనుకోండి, లోడింగ్ శుభ్రంగా అయిపోతుంది. చావు తర్వాత వస్తుంది.

దీన్ని కొంచెం తెలివిగా ఎదుర్కొన్న సందర్భం ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టం. 2001లో పైథాన్ 2.2 వచ్చింది. అందులో యూనికోడ్ అక్షరాలని మెమరీలో రెండు రకాలుగా దాచుకునేలా పైథాన్‌ని బిల్డ్ చేయొచ్చు. అక్షరానికి 2 బైట్లు, లేదా 4 బైట్లు. మన తెలుగు అక్షరాలన్నీ 2 బైట్లలో హాయిగా సరిపోతాయి. ఇప్పుడు మనం వాడే నవ్వుల ఎమోజీలకే సరిపోదు. మామూలుగా బిల్డ్ చేస్తే 2 బైట్ల పైథాన్ వచ్చేది, డెబియన్, రెడ్‌హ్యాట్ లాంటివి 4 బైట్లది ఇచ్చేవి. ఒకదాని కోసం చేసిన మాడ్యూల్ రెండోదాంట్లో కూర్చుంటే? ప్రతి అక్షరం సైజు తప్పు. మెమరీ చెత్త చెత్త.

వాళ్లేం చేశారంటే, ఆ ఫంక్షన్ల పేర్లలోనే 'యూసీఎస్2', 'యూసీఎస్4' అని చేర్చేశారు. తేడా ఉంటే ఆ పేరు దొరకదు. లోడ్ అయ్యేటప్పుడే 'ఈ సింబల్ లేదు' అని ఎర్రర్ వస్తుంది. అప్పట్లో జనం దాన్ని చూసి తెగ విసుక్కున్నారు. నిజానికి అది మేలు చేసింది. తర్వాతెప్పుడో అర్థరాత్రి చచ్చిపోవాల్సింది, గుమ్మం దగ్గరే ఆగింది. 2012లో పైథాన్ 3.3 వచ్చాక ఈ రెండు రకాలూ పోయాయి, గొడవ తీరింది.

ఇప్పుడు రెండో రకం గొడవ. మీ క్లాసులో ఇద్దరు సాయిలు ఉన్నారనుకోండి. ఏ క్లాసులో లేరు చెప్పండి? సార్ 'సాయీ' అని పిలుస్తారు. ముందు బెంచీలో ఉన్నవాడు లేస్తాడు. సార్‌కి కావాల్సింది వెనక బెంచీ సాయి. షేర్డ్ లైబ్రరీలకి అచ్చం ఇదే జరుగుతుంది. రెండు లైబ్రరీల్లో ఒకే పేరుతో ఫంక్షన్లు ఉంటాయి. డీఎల్-ఓపెన్‌ని పిలిచేటప్పుడు 'గ్లోబల్' అని చెబితే ఈ పేర్లు క్లాసంతా వినిపిస్తాయి, ముందొచ్చినవాడు పలుకుతాడు. 'లోకల్' అంటే ఆ గ్రూపు లోపలే. పైథాన్ మామూలుగా లోకల్‌గానే తెస్తుంది. కానీ కొన్నిసార్లు లైబ్రరీల మధ్య పేర్లు కనపడాల్సిన అవసరం ఉంటుంది కాబట్టి, దీన్ని మార్చుకునే స్విచ్ కూడా అదే 2.2లో ఇచ్చారు.

పైటార్చ్ మొదటి రోజుల్లో లినక్స్‌లో తన ముఖ్యమైన లైబ్రరీని గ్లోబల్‌గా తెచ్చుకునేది. దాంతో వేరే పెద్ద లైబ్రరీ పక్కన ఉంటే పేర్లు ఢీకొనే ప్రమాదం. ఇలాంటి గొడవల్లో విచిత్రం ఏంటంటే, రెండు ఇంపోర్ట్ లైన్లని అటూ ఇటూ మార్చి రాస్తే క్రాష్ పోతుంది! కోడ్‌లో ఇంకేం మార్చలేదు. చూసేవాళ్లకి మంత్రంలా ఉంటుంది. మంత్రం కాదు, ముందు బెంచీలో కూర్చున్న సాయి మారాడంతే. తర్వాతి వెర్షన్లలో పైటార్చ్ ఆ అలవాటుని డిఫాల్ట్‌గా మానేసింది. అయినా ఇంపోర్ట్ వరస మార్చితే క్రాష్ పోయిందంటే సంతోషించి వదిలేయకండి. రోగం అక్కడే ఉంది, దానికి మీరొక ఆధారం సంపాదించారు.

2016లో లినక్స్ పైథాన్ ప్రపంచంలో ఒక పెద్ద మార్పు. అంతకుముందు లినక్స్‌లో నంపై కావాలంటే మీ మెషిన్ మీదే కంపైల్ చేసుకోవాలి, లేదా మీ డిస్ట్రో ఇచ్చింది వాడుకోవాలి. 'మెనీలినక్స్' అనే పద్ధతి వచ్చాక, అప్పటికే పాతబడిన సెంట్‌ఓఎస్ 5 మీద బిల్డ్ చేసి, దాదాపు అన్ని డెస్క్‌టాప్ లినక్స్‌లలోనూ నడిచే రెడీమేడ్ ప్యాకేజీలు పెట్టడం మొదలైంది. పిప్ ఇన్‌స్టాల్ అంటే నిమిషంలో అయిపోతుందంటే కారణం అదే. దీనికి ప్రతి ప్యాకేజీ తనకి కావాల్సిన లైబ్రరీలని తనతోనే తెచ్చుకుంటుంది. ఇద్దరు సాయిల గొడవ రాకుండా 'ఆడిట్‌వీల్' అనే టూల్ ఆ లైబ్రరీ ఫైలు పేరుకి ఒక గజిబిజి అక్షరాల తోక తగిలిస్తుంది. సాయికి రోల్ నంబర్ కలిపి పిలిచినట్టు.

ఇక్కడ తమాషా గమనించారా? 1988లో అందరం ఒకే గంగాళం వాడుకుందాం అని మొదలుపెట్టాం. 2016కి ఎవరి గంగాళం వాళ్లు మోసుకొస్తున్నారు. మెమరీ చవకైంది, నమ్మకం ఖరీదైంది.

అయితే కొన్ని లైబ్రరీలు రెండు కాపీలు ఉంటే ఒప్పుకోవు. ఉదాహరణకి ఓపెన్‌ఎంపీ. పనిని ప్రాసెసర్ కోర్లన్నిటికీ పంచే మేస్త్రీ అది. ఒకే సైటులో ఇద్దరు మేస్త్రీలు, ఇద్దరూ అదే కూలీలకి పని చెబుతుంటే ఎలా ఉంటుంది? ఇంటెల్ వాళ్ల ఓపెన్‌ఎంపీ దీన్ని గుర్తుపట్టి, 'ఎర్రర్ 15, ఇప్పటికే ఒకటి మొదలై ఉంది' అని చెప్పి ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. డేటా సైన్స్ చేసేవాళ్లలో చాలామంది దీన్ని చూసే ఉంటారు. ఆ మెసేజ్‌లోనే కింద ఒక దారి కూడా చెబుతుంది. ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 'ట్రూ' చేస్తే ఊరుకుంటాను అని.

ఆ లైన్ ఎన్నో ట్యుటోరియల్స్‌లో మొదటి లైన్‌గా కనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు పెట్టాను, ఒప్పుకుంటున్నా. ఎర్రర్ పోయింది, నేను ముందుకెళ్లిపోయా. చాలా రోజుల తర్వాత ఆ మెసేజ్‌ని పూర్తిగా చదివా. ఇది సురక్షితం కాదు, క్రాష్ కావచ్చు, లేదా చప్పుడు లేకుండా తప్పు జవాబులు రావచ్చు అని వాళ్లే రాశారు. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. తప్పు జవాబు వస్తే ఎలా తెలుస్తుంది? మీ మోడల్ అక్యూరసీ ఒక పాయింట్ తగ్గితే మీరు డేటాని అనుమానిస్తారు, మిమ్మల్ని మీరు అనుమానిస్తారు. ఆ మొదటి లైన్‌ని ఎవరు అనుమానిస్తారు? నా పాత ప్రాజెక్ట్‌లో వచ్చిన నంబర్లు నిజమేనా అని ఇప్పటికీ నాకు ఒక మూల సందేహం ఉంది. ఆ మెషిన్ లేదు, ఆ వెర్షన్లు గుర్తులేవు.

సరే, మీ చేతిలో ఉన్న ఫోన్ దగ్గరికి వద్దాం. ఆండ్రాయిడ్‌లో చాలాకాలం యాప్‌లు సిస్టమ్ సొంతానికి పెట్టుకున్న లైబ్రరీలని కూడా అడక్కుండా వాడుకునేవి. గూగుల్ మా జోలికి రావద్దని చెప్పినవే. 2015లో ఆండ్రాయిడ్ 6లో లోపల ఓపెన్‌ఎస్ఎస్ఎల్ తీసేసి బోరింగ్‌ఎస్ఎస్ఎల్ పెట్టారు. పాతదాన్ని నమ్ముకున్న యాప్‌లకి కాళ్ల కింద నేల కదిలింది. 2016లో ఆండ్రాయిడ్ 7 ఇంకో అడుగు వేసింది. ఆ వెర్షన్‌కి టార్గెట్ చేసిన యాప్‌లకి సిస్టమ్ ప్రైవేట్ లైబ్రరీల తలుపు మూసేసింది. పాత యాప్‌లకి కొన్నాళ్లు హెచ్చరికలతో సరిపెట్టింది.

మీలో చాలామంది టర్మక్స్‌లో పైథాన్ నేర్చుకుంటున్నారని నాకు తెలుసు. ల్యాప్‌టాప్ లేదు, ఫోనే కంప్యూటర్. మెచ్చుకోవాల్సిన విషయం. కానీ అక్కడ పిప్‌తో పెద్ద లైబ్రరీ పెడితే ల్యాప్‌టాప్‌లో నిమిషంలో అయ్యేది ఫోన్లో గంట కంపైల్ అయి చివరికి ఎర్రర్ ఎందుకు వస్తుంది? మెనీలినక్స్ ప్యాకేజీలు జీలిబ్‌సీ అనే పునాది మీద కట్టినవి. ఆండ్రాయిడ్ పునాది బయోనిక్. రెండూ లినక్స్ కెర్నల్ మీదే ఉన్నా, ఆ డాట్ ఎస్ఓ ఇక్కడ కూర్చోదు. ఎక్కడి నుంచో ఆ ఫైలు కాపీ చేసి తెచ్చి పెట్టుకోమని ఎవరైనా చెబితే వినకండి. టర్మక్స్ వాళ్లు తమ రిపాజిటరీలో నంపై లాంటివి ఫోన్ కోసమే బిల్డ్ చేసి పెట్టారు, పిప్‌కి బదులు ముందు అక్కడ చూడండి. 2024 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.13 నుంచి ఆండ్రాయిడ్‌కి అధికారికంగా సపోర్ట్ మొదలైంది. కాబట్టి పరిస్థితి మెల్లగా మారుతోంది.

అదే 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చింది. 2006లో 1.0 వచ్చాక మొదటి పెద్ద వెర్షన్. లోపలి బైనరీ ఏర్పాటు మారింది. నంపై 1 కోసం కంపైల్ చేసిన మాడ్యూళ్లు 2లో నడవవు. వెర్షన్ నంబర్ రాయకుండా పిప్ ఇన్‌స్టాల్ చేసినవాళ్లకి కొత్త నంపై వచ్చి కూర్చుంది, పక్కనున్న మాడ్యూల్ పాతది. నిన్నటిదాకా నడిచిన కోడ్ ఈరోజు నడవలేదు. ఒక్క అక్షరం మార్చలేదు సార్ అంటే ఎవరు నమ్ముతారు? కానీ నిజం. ఈసారి నంపై వాళ్లు జాగ్రత్తపడ్డారు, ఈ మాడ్యూల్ పాత వెర్షన్‌కి కంపైల్ అయింది, క్రాష్ కావచ్చు అని పెద్ద మెసేజ్ పెట్టారు. యూసీఎస్ రోజుల పద్ధతే.

ఇప్పుడు నిజంగా క్రాష్ అయితే ఏం చేయాలి? స్క్రీన్ మీద చేసి చూపిస్తున్నా. పైథాన్ 3.3 నుంచి 'ఫాల్ట్‌హ్యాండ్లర్' అనే మాడ్యూల్ ఉంది, విక్టర్ స్టిన్నర్ రాశారు. పైథాన్‌ని నడిపేటప్పుడు పక్కన దాని పేరు ఆప్షన్‌గా ఇస్తే చాలు. సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చినా, చచ్చిపోయే ముందు ఏ పైథాన్ లైన్‌లో ఉన్నానో చెప్పి పోతుంది. చూడండి, మూడో ఇంపోర్ట్ దగ్గర ఆగింది. అయితే తప్పు ఆ మూడోదానిదే అనుకోవద్దు. మొదటిది తెచ్చిన సాయి ముందే కూర్చున్నాడేమో.

కాబట్టి ఒక కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసి, ఆ మూడోదాన్ని ఒక్కదాన్నే ఇంపోర్ట్ చేశా. క్రాష్ లేదు. మొదటిదీ మూడోదీ కలిపితే ఉంది. ఇప్పుడు లినక్స్‌లో నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక 'మ్యాప్స్' ఫైలు ఉంటుంది, అది ఇప్పుడు ఏయే లైబ్రరీలని మెమరీలో పెట్టుకుందో అందులో కనిపిస్తుంది. మొదటి ఇంపోర్ట్ అయ్యాక, క్రాష్ కాకముందు ప్రోగ్రామ్‌ని ఆపి ఆ ఫైలు తెరిచా. డిస్క్ మీద ఏ ఫైళ్లున్నాయన్నది వేరు, ఇప్పుడు లోపల ఎవరు కూర్చున్నారన్నది వేరు. మనకి రెండోది కావాలి. లింకర్ ఏ ఫోల్డర్లలో వెతికింది, ఎక్కడ దొరికింది అని కూడా చూడాలంటే 'ఎల్‌డీ డీబగ్' వేరియబుల్‌ని ఆన్ చేస్తే కథంతా చెబుతుంది, ఈ పక్క విండోలో కనిపిస్తోంది కదా. విండోస్ వాళ్లకి ఒక మాట. 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచి మాడ్యూళ్లకి కావాల్సిన డీఎల్ఎల్‌లని పాత్‌లో వెతకడం మానేశారు, ఫోల్డర్‌ని కోడ్‌లో విడిగా చెప్పాలి. 'డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్' అని వచ్చి పాత్‌లో ఎన్ని చేర్చినా పోకపోతే కారణం అది కావచ్చు.

మళ్లీ మ్యాప్స్ ఫైలుకి వద్దాం. పదకొండో లైను చూడండి, ఎరుపు రంగు పెట్టాను. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ. దాని పాత్ చూస్తే మొదటి ప్యాకేజీ ఫోల్డర్‌లోంచి వచ్చిన పాత కాపీ. మూడోవాడికి కావాల్సింది కొత్తది, అది డిస్క్ మీద ఉంది, కానీ అదే పేరుతో ఒకడు అప్పటికే కూర్చున్నాడు కాబట్టి లింకర్ రెండోవాణ్ని పిలవలేదు. మొదటి ప్యాకేజీని కొత్త వెర్షన్‌కి మార్చా. మళ్లీ నడిపా. నడిచింది. ఈ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్న అన్ని వెర్షన్లనీ 'పిప్ ఫ్రీజ్'తో ఒక ఫైల్లో రాసి కోడ్ పక్కనే పెట్టేశా. నా పాత ప్రాజెక్ట్‌కి చేయని పని అదే.